ప్రభావ మదింపు శిక్షణకు ఎవరిని పంపాలి, ఏం పట్టుకుని వెళ్ళాలి

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికి కూడా తెలియడం కోసం. మీ సంస్థ టెక్కలి పరిసరాల్లో 11 గ్రామాల్లో సాయంత్రం ట్యూషన్ కేంద్రాలు, రెండు చోట్ల మహిళలకు కుట్టు శిక్షణ నడుపుతోంది. నిధులిస్తున్న కంపెనీ ఈ ఏడాది నుంచి ఇంపాక్ట్ రిపోర్టు, అంటే ఆ పని వల్ల ఏం మారిందో కొలిచి చెప్పే ప్రభావ నివేదిక, ఇవ్వమంది. మీ కార్యదర్శి గారు విశాఖపట్నంలో ఒకరోజు వర్క్‌షాపుకు వెళ్ళి థియరీ ఆఫ్ ఛేంజ్, లాగ్‌ఫ్రేమ్, ఎస్ఆర్ఓఐ (పెట్టిన డబ్బుకు వచ్చిన సామాజిక ప్రతిఫలం లెక్క) అన్న మాటలన్నీ పుస్తకంలో రాసుకుని వచ్చారు గానీ, మర్నాడు ఆఫీసులో కూర్చుని ఏ కాగితం తీయాలో ఎవరికీ తేలలేదు. ఇప్పుడు తలకు 12,000 రూపాయల చొప్పున కట్టి ఇంకో మూడు రోజుల శిక్షణకు ఇద్దరిని పంపాలా, లేక ఆ డబ్బుతో బయటివాళ్ళ చేత సర్వే చేయించాలా అన్నది మీ సందేహం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థల పనిని మదింపు చేయడం, అది ఎలా చేయాలో వాటి సిబ్బందికి నేర్పడం నా వృత్తి. మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటింది. ఆ అనుభవం మీద ఆధారపడి చెబుతున్నాను.

ముందు కంపెనీ అడిగినదాని సంగతి చూద్దాం. ఇంపాక్ట్ అన్న మాట వినగానే చట్టం తమను ఏదో పెద్ద అధ్యయనం చేయమంటోందని చిన్న సంస్థలు కంగారు పడుతున్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్‌కు అనుబంధంగా ఉన్న సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిబంధనలను 2021 జనవరిలో సవరించినప్పుడు ప్రభావ మదింపును తప్పనిసరి చేసిన మాట నిజమే గానీ, అది అందరికీ వర్తించదు. గత మూడు ఆర్థిక సంవత్సరాల సగటు సీఎస్ఆర్ బాధ్యత 10 కోట్ల రూపాయలు లేదా అంతకు మించి ఉన్న కంపెనీలకు, అదీ కోటి రూపాయలు లేదా అంతకు మించి ఖర్చు పెట్టిన ప్రాజెక్టుల విషయంలో, ఆ ప్రాజెక్టు పూర్తయి కనీసం ఏడాది గడిచాకే వర్తిస్తుంది. చేయించవలసిన బాధ్యత కంపెనీది, చేయవలసినది ఒక స్వతంత్ర సంస్థ. మీ ప్రాజెక్టు ఏడాదికి 9 లక్షలని రాశారు. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నది చట్టం చెప్పిన ఆ మదింపు కాదు, తామిచ్చిన డబ్బుతో ఏం మారిందో చెప్పమన్న మామూలు ప్రశ్న. వాళ్ళకు ఫోన్ చేసి, ఈ రిపోర్టు చూసి మీరు తీసుకోబోయే నిర్ణయం ఏమిటి, ఏ నెలలో కావాలి, ఎన్ని పేజీలు కావాలి అని అడగండి. నేను అలా అడిగించిన చోట్లలో ఎక్కువమంది కోరింది నాలుగైదు పేజీలే.

ఇక అసలు విషయం. తమ కార్యక్రమం గురించి, తప్పని తేలడానికి వీలున్న ఒక వాక్యం రాసుకోకుండా ఏ శిక్షణకు వెళ్ళినా డబ్బు దండగ అని నేను గట్టిగా నమ్ముతున్నాను. "మా కేంద్రాల వల్ల గ్రామీణ బాలలు సర్వతోముఖాభివృద్ధి చెందుతున్నారు" అన్న వాక్యం ఎప్పటికీ తప్పు కాదు, ఎందుకంటే అందులో కొలవదగినది ఏమీ లేదు. "జూలైలో విడి పదాలు చదవడం దగ్గర ఆగిపోయిన మూడు, నాలుగు తరగతుల పిల్లల్లో సగానికి పైగా మార్చి నాటికి ఒక పేరా చదవగలుగుతారు" అన్న వాక్యం తప్పు కావచ్చు. తప్పని తేలితే ఏదో ఒకటి మార్చాలని మీకు తెలుస్తుంది. థియరీ ఆఫ్ ఛేంజ్ అన్న పెద్ద మాటకు సారం ఇదే: మనం చేసే పనికీ, రావాలని కోరుకునే మార్పుకూ మధ్య ఉన్న మెట్లను వరసగా రాసి, వాటిలో ఏ మెట్టు విరగడానికి అవకాశం ఉందో ముందే గుర్తు పెట్టుకోవడం. లాగ్‌ఫ్రేమ్ అన్నది ఆ మెట్లనే గళ్ళ పట్టికగా వేయడం. ఈ రెండింటినీ మీ సొంత కార్యక్రమం మీద కాక, తెర మీద చూపించే ఎవరిదో కార్యక్రమం మీద నేర్చుకున్నారు కాబట్టే మీ కార్యదర్శి గారికి మర్నాడు దారి కనబడలేదు. అది ఆయన లోపం కాదు.

కుట్టు శిక్షణ గురించి ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ళ కిందట నరసన్నపేట దగ్గర ఒక సంస్థ మహిళలకు మూడు నెలలు కుట్టు నేర్పి, ఒక్కొక్కరికి ఒక మిషను ఇచ్చి, అందరికీ స్వయం ఉపాధి కల్పించామని రిపోర్టు రాసుకుంది. ఏడు నెలల తర్వాత నన్ను చూసి రమ్మన్నారు. మొదటి ఇంట్లో మిషను వరండాలో ఉంది. దాని మీద పాత చీర కప్పి, ఆ చీర మీద బియ్యం బస్తా పెట్టారు. రెండో ఇంట్లో మిషను బల్ల మీద పిల్లల పుస్తకాలు ఉన్నాయి, చక్రం తిప్పబోతే కదల్లేదు, సూది తుప్పు పట్టింది. మూడో ఇంట్లో సూదిలో ఎర్ర దారం ఎక్కించి ఉంది. కింద చాప మీద కత్తిరించిన జాకెట్టు ముక్కలు, గోడ మేకుకు కుట్టడం పూర్తయిన నాలుగు జాకెట్లు, ఒక్కొక్కదానికి పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. ఆ సాయంత్రమే మేము రెండు పేజీల ఫారం పక్కన పెట్టి, మూడే మూడు గడులు వేసుకున్నాం: సూదిలో దారం ఉందా, గడచిన 7 రోజుల్లో బయటివాళ్ళవి ఏవైనా కుట్టారా, ఎంత తీసుకున్నారు. మొత్తం ఊరు తిరిగాక ఒక సంగతి బయటపడింది. మిషను నడుస్తున్న ఇళ్ళలో ఆడవాళ్ళు కొలత తీసి బట్ట కత్తిరించడం ఎక్కడో ఒకచోట, అక్క దగ్గరో మేనత్త దగ్గరో, విడిగా నేర్చుకున్నవారు. శిక్షణలో కుట్టడం బాగా నేర్పారు గానీ కత్తిరింపుకు ఇచ్చింది చివరి నాలుగు రోజులే. పాడవుతుందన్న భయంతో ఎదుటివారి పట్టు జాకెట్టు గుడ్డ మీద కత్తెర పెట్టలేని మనిషికి గిరాకీ ఎలా వస్తుంది? తర్వాతి బ్యాచిలో కత్తిరింపును నెల రోజులకు పెంచారు. మదింపు అంటే నా దృష్టిలో ఇది: ఒక గడి నింపడం, దాన్ని బట్టి పాఠ్యక్రమంలో నాలుగు రోజులను నెల చేయడం.

ఎంతమందికి నేర్పాం, ఎన్ని మిషన్లు ఇచ్చాం అన్నది మన పని లెక్క. ఏడు నెలలకు ఎన్ని మిషన్లు నడుస్తున్నాయి అన్నది ఫలితం. ఆ సంపాదన వల్ల ఇంట్లో అప్పు తగ్గిందా, ఆడపిల్ల చదువు ఆగకుండా సాగిందా అన్నది ప్రభావం. మీ స్థాయి సంస్థ మొదటి రెండింటినీ నిజాయితీగా చెప్పగలిగితే చాలు. మూడోదాని జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. ఎస్ఆర్ఓఐ పేరుతో పిల్లవాడు చదవడం నేర్చినందుకు రూపాయల్లో విలువ కట్టి, పెట్టిన ప్రతి రూపాయికీ ఇన్ని రూపాయలు తిరిగొచ్చాయని చెప్పే లెక్కలు అసలే వద్దు. ఆ లెక్కలో ఉండే ఊహల్లో ఒక్కటి మార్చినా చివరి అంకె మారిపోతుంది, ఆ ఊహలను సమర్థించుకునేంత సమాచారం మీ దగ్గర ఉండదు.

ట్యూషన్ కేంద్రాలకు కొత్త పరీక్ష తయారు చేయనవసరం లేదు. ప్రథమ్ సంస్థ తరఫున 2005 నుంచి వస్తున్న అసర్ సర్వేలో వాడే చదువు పరీక్ష తెలుగులో కూడా దొరుకుతుంది. ఒకే కాగితం మీద అక్షరాలు, విడి పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాడిని ఒక్కడినే కూర్చోబెట్టి ముందు పేరా ఇస్తారు. చదివితే కథకు, చదవలేకపోతే పదాలకు, అవీ రాకపోతే అక్షరాలకు వెళ్తారు. చివరికి ఏ మెట్టు దగ్గర ఉన్నాడో ఒక టిక్కు పెడతారు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు పడుతుందనుకుందాం. మీ కేంద్రాల్లో మొత్తం 275 మంది పిల్లలంటే సుమారు 23 గంటల పని, నలుగురు పంచుకుంటే రోజుకు రెండు గంటల చొప్పున మూడు సాయంత్రాలు. ఇంత తక్కువమందికి శాంపిలు తీయడం ఎందుకు, అందరినీ పరీక్షించండి. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఏ కేంద్రం టీచరు ఆ కేంద్రం పిల్లలను పరీక్షించకూడదు, పక్క ఊరి టీచరు రావాలి. జూలైలో వాడిన కాగితం మార్చిలో వాడకూడదు. ఒకచోట నాలుగో తరగతి పాప పేరా మొత్తం ఆగకుండా చదివింది. వేలు మాత్రం మొదటి పంక్తి మీదే ఉండిపోయింది. తొమ్మిది నెలలుగా అదే కాగితం కేంద్రం గోడకు అంటించి ఉందని తర్వాత తెలిసింది. అసర్ కాగితాలు ఒకటికి మించిన నమూనాల్లో ఉన్నది ఇందుకే.

ప్రశ్న అడిగే తీరు గురించి శిక్షణల్లో చెప్పేది తక్కువ, క్షేత్రంలో దెబ్బ తినేది ఎక్కువగా ఇక్కడే. మన ప్రాంతంలో ఇంటికి వచ్చినవారిని నొప్పించే మాట అనరు. "కార్యక్రమం బాగుందా అమ్మా?" అని అడిగితే "బాగానే ఉంది బాబూ" అన్న జవాబు తప్ప మరొకటి రాదు. నా తొలి సర్వేల్లో నూటికి తొంభై మంది సంతృప్తిగా ఉన్నారని రాశాను. ఆ అంకె వాళ్ళ మర్యాదను కొలిచింది, కార్యక్రమాన్ని కాదు. అభిప్రాయం అడగకండి, జరిగిన పని అడగండి. నిన్న సాయంత్రం బాబు ట్యూషనుకు వెళ్ళాడా, ఎన్ని గంటలకు వచ్చాడు, పోయిన వారం ఏ రోజు మానేశాడు, ఎందుకు మానేశాడు అన్నవి జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు. అడిగేవారి మెడలో సంస్థ కార్డు ఉంటే జవాబు మారుతుంది, పక్కన సర్పంచి గారో వెలుగు సిబ్బందో నిలబడితే ఇంకా మారుతుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళు, మందస, మెళియాపుట్టి కొండల్లో సవర మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి. అక్కడ తెలుగు ఫారంతో వెళ్తే ఇంట్లో బడికి వెళ్ళే పిల్లే అమ్మకు దుబాసీ అవుతుంది. అప్పుడు ఆ పిల్ల చదువు గురించి తల్లి చెప్పే జవాబు ఎంతవరకు తల్లిదో మీరే ఆలోచించండి.

పోల్చడానికి ఏదీ లేకుండా ముందు, తర్వాత అంకెలు మాత్రమే చూస్తే ఎలా మోసపోతామో శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతం నాకు నేర్పింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అంతకు ముందు ఏడాది ఒక సంస్థ జీడి రైతుల ఆదాయం మీద బేస్‌లైన్ (మొదటి కొలత) తీసింది. 2019లో ఎండ్‌లైన్ (చివరి కొలత) తీస్తే ఆదాయం సగానికి పడిపోయింది. కాగితం ప్రకారం కార్యక్రమం విఫలమైంది. కార్యక్రమం లేని పక్క ఊళ్ళలో కూడా అప్పుడే కొలిచి ఉంటే, అక్కడ ఇంకా ఎక్కువ పడిందో, సమానంగా పడిందో తెలిసేది. కొలవలేదు కాబట్టి ఆ సంస్థ తన గురించి మంచి చెప్పుకోలేకపోయింది, చెడు ఒప్పుకోలేకపోయింది. దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల తొమ్మిదేళ్ళది అయ్యేసరికి మీ ట్యూషన్ లేకపోయినా కొంత చదవడం వస్తుంది, ఆ కొంతను కూడా మీ ఖాతాలో వేసుకోవడం న్యాయం కాదు.

ఈ పోలికను అందరికంటే శ్రద్ధగా చేసిన పనుల్లో ఒకటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. ఉపాధి హామీ వేతనాలు, పింఛన్లను బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే పథకాన్ని ప్రవేశపెట్టినప్పుడు, 157 మండలాల్లో ఏవి ముందు, ఏవి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి పరిశోధకులు రెండు రకాల మండలాలనూ పోల్చారు. కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గిందనీ, ఉపాధి హామీలో స్వాహా అయ్యే మొత్తం 41 శాతం తగ్గిందనీ తేలింది. మీరు అంత పని చేయనవసరం లేదు, చేయలేరు కూడా. కానీ అందులో ఉన్న ఆలోచన మీకు పనికొస్తుంది. వచ్చే ఏడాది ఇంకో నాలుగు గ్రామాల్లో కేంద్రాలు తెరుస్తామని రాశారు కదా, ఆ నాలుగు గ్రామాల పిల్లలకు కూడా ఈ జూలైలోనే, వచ్చే మార్చిలోనే అదే పరీక్ష పెట్టండి. వాళ్ళకు ఎలాగూ కేంద్రం వస్తుంది కాబట్టి అన్యాయం జరగదు, మీకు పోలిక దొరుకుతుంది. అది లాటరీ అంత గట్టిది కాదని రిపోర్టులో ఒక వాక్యం రాయండి, చాలు.

కొలిచే నెల కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. సంక్రాంతికి వెళ్ళి సర్వే చేస్తే హైదరాబాదు, చెన్నైలకు వలస వెళ్ళినవారంతా ఇళ్ళలో ఉంటారు, ఊరు కళకళలాడుతుంది, ఫిబ్రవరిలో వెళ్తే అవే ఇళ్ళలో ముసలివారు, పిల్లలు కనిపిస్తారు. తీరంలోని మత్స్యకార గ్రామాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో ఆదాయం అడిగితే ఏ కార్యక్రమమైనా విఫలమైనట్టే కనిపిస్తుంది. నెలల తరబడి మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌లో పడవల మీద ఉంటారు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో చుట్టుపక్కల ఊళ్ళలో హాజరు లెక్కించకండి. బేస్‌లైన్ ఏ నెలలో తీశారో ఎండ్‌లైన్ సాధ్యమైనంతవరకు ఆ నెలలోనే తీయాలన్న నియమం ఆదాయానికి సంబంధించిన ప్రతి కొలతకూ వర్తిస్తుంది. చదువుకు మాత్రం బడి సంవత్సరం మొదలు, చివర తీసుకోవాలి.

ప్రభుత్వ అంకెలతో పోల్చేటప్పుడు ఒక పొరపాటు తరచు చూస్తున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత శ్రీకాకుళంలో 61.74 శాతం, విజయనగరంలో 58.89 శాతం అని ప్రతి ప్రతిపాదనలోనూ రాస్తారు. ఆ అంకెలు పాత జిల్లాలవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళాయి, రాజాం విజయనగరంలో కలిసింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా పాత సరిహద్దులదే. మండల స్థాయి అంకెలు తీసుకుంటే ఈ ఇబ్బంది లేదు.

మీరు మూడో పనిగా ఉద్దానంలో మంచినీటి ప్లాంట్లు పెట్టాలని అనుకుంటున్నట్టు రాశారు కాబట్టి దాని గురించీ చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో దశాబ్దాలుగా ఉన్న కిడ్నీ వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలలేదు. ఆ వ్యాధి ముదరడానికి ఏళ్ళు పడుతుంది. అలాంటప్పుడు, ప్లాంటు పెట్టిన రెండేళ్ళకు కిడ్నీ వ్యాధిని అరికట్టామని రాయడం అబద్ధం, ఎంత మంచి మనసుతో రాసినా సరే. ఆ ఇళ్ళలో డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్ళి వచ్చేవారు ఉన్నారు, మన రిపోర్టులో వాళ్ళ జబ్బును మన విజయంగా వాడుకునే హక్కు మనకు లేదు. మీరు చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. ఎన్ని ఇళ్ళు టిన్ను తీసుకెళ్తున్నాయి, నెలలో ఎన్ని రోజులు ప్లాంటు ఆగింది, నీళ్ళ పరీక్ష ఎప్పుడు చేయించారు, ఫిల్టరు ఎప్పుడు మార్చారు. ఒక ఇంట్లో నేను గ్లాసుడు నీళ్ళు అడిగితే ఆమె మూలన ఉన్న ఇరవై లీటర్ల టిన్ను వంచి ఇచ్చింది. అదే సమయంలో పొయ్యి మీద అన్నం బోరు నీళ్ళతో ఉడుకుతోంది. టిన్ను ఖర్చు తాగడానికే సరిపోతుందని చెప్పింది. ఆ ఊళ్ళో ఎన్ని కుటుంబాలకు శుద్ధజలం అందుతోందని రాయాలి? నేను రెండు అంకెలు రాయించాను, తాగడానికి వాడేవారు, వంటకు కూడా వాడేవారు. రెండో అంకె చాలా చిన్నది. దాన్ని చూశాకే ఆ సంస్థ ధర తగ్గించే సంగతి ఆలోచించింది.

అంకెలతో పాటు మనుషుల మాటలు కూడా కావాలి. రిక్ డేవిస్ 1990ల్లో బంగ్లాదేశ్‌లో పని చేస్తూ రూపొందించిన మోస్ట్ సిగ్నిఫికెంట్ ఛేంజ్ అన్న పద్ధతి మన క్షేత్ర సిబ్బందికి బాగా నప్పుతుంది. ఈ మూడు నెలల్లో మీరు చూసిన మార్పుల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది ఏది, ఎందుకు అని అడిగి, వచ్చిన సంఘటనలను అందరూ కూర్చుని చదివి, ఒకదాన్ని ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రాసిపెడతారు. కష్టమల్లా ఆ చివరి వాక్యం రాయడంలోనే ఉంది. అది రాయకపోతే ఫోటో పక్కన వేసే విజయగాథ మాత్రమే మిగులుతుంది. మార్పు చెడ్డదైనా రాయమని ముందే చెప్పండి.

ఇక శిక్షణల విషయం. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేవి ఉన్నాయి. పేదరికం తగ్గించే పథకాల మీద పరిశోధన చేసే జె-పాల్ సంస్థ మదింపు మీద నడిపే కోర్సులు లోతైనవి గానీ ఇంగ్లీషులో ఉంటాయి, వాటిని మీలో గణాంకాలు తెలిసిన ఒక్కరు చూస్తే చాలు. ఏటా జూన్ ప్రాంతంలో గ్లోకల్ ఇవాల్యుయేషన్ వీక్ పేరుతో ప్రపంచమంతటా ఉచిత సదస్సులు జరుగుతాయి, ఆన్‌లైన్‌లో కూర్చుని వినవచ్చు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ శిక్షణల పట్టికను కూడా గమనిస్తూ ఉండండి. స్వచ్ఛంద సంస్థలు నిధులు సమీకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ వచ్చాక సామాజిక ప్రభావ మదింపుదారుల కోసం ఎన్ఐఎస్ఎమ్ (జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల సంస్థ) ఒక సర్టిఫికేట్ పరీక్ష పెట్టింది. దాని ప్రకటనలు చూసి మీరు వెళ్ళవద్దు, అది ఇతరుల పనిని మదింపు చేయడం వృత్తిగా ఎంచుకునేవారికి. సదస్సులకు వెళ్ళడం వల్ల ఉపయోగం లేదని అనను, అదే పని చేస్తున్న ఇంకో సంస్థ వారు పరిచయమై వాళ్ళ ఫారం ఇస్తే ఆ రోజు ప్రయాణం గిట్టుబాటు అయినట్టే. కాని సదస్సు వేరు, శిక్షణ వేరు.

డబ్బు కట్టే శిక్షణ అయితే, కట్టే ముందు నడిపేవారికి ఫోన్ చేసి కొన్ని సంగతులు తెలుసుకోండి. తెలుగులో నేర్పుతారా? మా రిజిస్టర్లు, మా ఫారాలు తెచ్చుకుంటే వాటి మీదే పని చేయిస్తారా? ఒక పూట అయినా ఏదైనా ఊరికి తీసుకెళ్తారా? రెండు నెలల తర్వాత మేం సేకరించినది చూసి తప్పులు చెబుతారా? ఆఖరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే మిగతావాటిలో కొంత తగ్గినా ఫరవాలేదు, ఎందుకంటే అసలు తప్పులన్నీ మొదటి సర్వే చేసి వచ్చాక బయటపడతాయి. ఎవరిని పంపాలన్నదానికి నా జవాబు స్పష్టం. కార్యదర్శి గారిని కాదు. రోజూ ఊళ్ళు తిరిగే ఒక క్షేత్ర కార్యకర్తను, కంప్యూటర్‌లో లెక్కలు ఎక్కించే ఒకరిని జంటగా పంపండి. ఒకరికి ప్రశ్న ఎందుకు పనిచేయదో తెలుసు, మరొకరికి వచ్చిన జవాబు ఎందుకు కూడిక వేయలేమో తెలుసు.

మీ పరిస్థితిలో అయితే ఆ 24,000 రూపాయలతో మీ దగ్గరే రెండు రోజుల శిక్షణ పెట్టుకోమంటాను. బయటి సర్వే సంస్థకు ఇవ్వవద్దు. ఆ మొత్తానికి వచ్చేది తొందరగా చేసిన పని, అది అయిపోయాక మీ సిబ్బందికి మిగిలేదీ ఏమీ ఉండదు. మొదటి రోజు ఉదయం 11 మంది టీచర్లు, కుట్టు నేర్పే ఇద్దరు, ఆఫీసు సిబ్బంది కలిసి కూర్చుని, ఇప్పటి రిజిస్టర్లన్నీ బల్ల మీద పోసి, ప్రతి గడి ముందూ ఒకే ప్రశ్న వేసుకోవాలి: గత ఏడాదిలో ఈ గడి చూసి మనం ఏ నిర్ణయమైనా తీసుకున్నామా? తీసుకోని గడులను కొట్టివేయండి. నేను చేయించిన చోట్ల సగం గడులు పోయాయి, టీచర్లకు రోజూ పావుగంట మిగిలింది. మధ్యాహ్నం, తప్పని తేలడానికి వీలున్న వాక్యాలని నేను పైన చెప్పినవి రాయండి, ట్యూషనుకు ఒకటి, కుట్టుకు ఒకటి. రెండో రోజు అందరూ ఒక ఊరికి వెళ్ళి, జంటగా ఒకే పిల్లవాడిని విడివిడిగా పరీక్షించి, ఇద్దరూ ఒకే మెట్టు దగ్గర టిక్కు పెట్టారో లేదో చూసుకోవాలి. ఆ తేడాలు మాట్లాడుకోవడానికి పట్టే సాయంత్రమే మొత్తం శిక్షణలో విలువైన భాగం. ఆంధ్ర విశ్వవిద్యాలయం సోషల్ వర్క్ విభాగం విద్యార్థులకు క్షేత్రపని ఉంటుంది కాబట్టి మార్చి పరీక్షకు బయటి పరీక్షకులుగా వాళ్ళను అడిగి చూడండి.

ఫారం ఫోన్‌లో నింపాలంటే కోబో టూల్‌బాక్స్ అన్న సర్వే సాఫ్ట్‌వేర్ చాలు. తెలుగులో ఫారం తయారవుతుంది, సిగ్నల్ లేని కొండ ఊళ్ళలో నింపుకుని టెక్కలి వచ్చాక పంపవచ్చు. కాని 275 మంది పిల్లల టిక్కులకు ఒక కాగితం పట్టిక కూడా సరిపోతుంది, సాఫ్ట్‌వేర్ కోసం పని ఆపకండి. పిల్లల వివరాలు సేకరిస్తున్నారు కాబట్టి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని గుర్తుంచుకోండి. 18 ఏళ్ళ లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని అది చెబుతుంది. ఎందుకు అడుగుతున్నామో తెలుగులో చదివి వినిపించి, సంతకం గాని వేలిముద్ర గాని తీసుకోండి. ఆధార్ నంబరు అడగవద్దు, మీకు దానితో పని లేదు. కంపెనీకి పంపే పట్టికలో పేర్లు తీసేసి వరస సంఖ్యలు పెట్టండి.

రిపోర్టు ముందుగా వెళ్ళవలసింది కంపెనీకి కాదు, ఆ 11 ఊళ్ళకు. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి మన రాష్ట్రంలో జరిగిన సామాజిక తనిఖీలు, మండల ప్రజావేదికలు మన పల్లెల్లో చాలామంది చూసినవే. మస్టరులో ఉన్న పేరు మైకులో చదివితే, ఆ రోజు నేను పనికి వెళ్ళలేదని లేచి చెప్పడం ఈ జిల్లాల జనానికి కొత్త కాదు. అదే అలవాటును వాడుకోండి. ఒక సాయంత్రం రామాలయం అరుగు మీద, పేర్లు లేకుండా, మన ఊరి పిల్లల్లో జూలైలో ఇంతమంది పేరా చదివారు, మార్చిలో ఇంతమంది చదివారు అని చార్టు మీద చూపించండి. ఒక ఊళ్ళో అలా చూపించినప్పుడు ఒక తల్లి లేచి, చదవలేకపోయిన పిల్లల్లో ఎక్కువమంది కేంద్రానికి అవతల వీధి వాళ్ళని, చీకటి పడ్డాక ఆ దారిలో లైటు లేదని చెప్పింది. మా ఫారంలో ఆ గడి లేదు. పంచాయతీ వాళ్ళు వారంలో స్తంభానికి బల్బు పెట్టారు, ఆ వీధి పిల్లల హాజరు తర్వాతి నెల రిజిస్టరులోనే తేడా చూపించింది.

కాలపట్టిక విషయానికి వస్తే, జూన్‌లో బడులు తెరిచాక రెండు వారాలు ఆగి శిక్షణ, జూలైలో మొదటి పరీక్ష, నవంబరులో ఒక్కసారి హాజరు తక్కువగా ఉన్న కేంద్రాలను మాత్రమే చూడటం, మార్చి రెండో వారం లోపు చివరి పరీక్ష పెట్టుకోండి. కుట్టు శిక్షణ ముగిసిన ప్రతి బ్యాచికీ ఆరు నెలలకు ఒకసారి ఇంటికి వెళ్ళి సూది చూడండి. కంపెనీకి రిపోర్టు ఏప్రిల్‌లో ఇస్తామని ఇప్పుడే లేఖ రాయండి, ఏవి కొలుస్తారో, ఏవి కొలవరో ఆ లేఖలోనే చెప్పండి. మీ రెండు వాక్యాలు రాసుకున్నాక, ఇప్పుడు వాడుతున్న హాజరు రిజిస్టరులో ఒక పేజీ ఫోటోతో పాటు నాకు పంపండి. పిల్లల పేర్లున్న వరస మీద కాగితం అడ్డం పెట్టి ఫోటో తీయండి. ఏ గడులు కొట్టివేయవచ్చో గుర్తు పెట్టి తిరిగి పంపుతాను.